గంటలు విప్పి విత్తిన జొన్న

ఆ కబురు నాకు మొదట తెచ్చినవాడు పాలవ్యాను డ్రైవరు. బషీరాబాద్ అవతల సరిహద్దు ఊళ్ళలో పొద్దున్నే పాలు పోయించుకుని తాండూరుకు వస్తాడు. నేను వికారాబాద్‌లో తొలి రైలెక్కి తాండూరులో దిగి, స్టేషను బయట చాయ్ బండి దగ్గర నిలబడి ఉన్నాను. మోటారుసైకిలు మీద నన్ను ఊళ్ళకు తిప్పే తోటి కార్యకర్త ఇంకా రాలేదు. డ్రైవరు నన్ను చూసి వ్యాను ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టాడు. అతని దగ్గర రెండు కబుర్లున్నాయి.

"గొర్రు తాత పోయిండక్కా, తెల్లారంగ. చాయ్ తాగి మంచంల ఒరిగిండట. మల్ల లేవలే" అన్నాడు.

నేను గ్లాసు బండి మీద పెట్టి చేతులు జోడించాను. అతను గేరు మారుస్తూ రెండోది చెప్పాడు.

"ఇంకోటి. మీ సంఘపోళ్ళు నీకు చెప్పుమన్నరు. గింజలకు తోకలొచ్చినయంట. ఏం తోకలో ఏమో, నాకైతే సమజ్ కాలే."

నాకు సమజైంది. ఆ చాయ్ అక్కడే చల్లారిపోయింది.

నేను ఉద్యోగం చాలించి ఇంట్లో కూర్చున్నాక, ఊళ్ళలో పనికి కొత్తగా దిగిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. అమ్మా, మీ అనుభవంలోంచి ఒక విజయం చెప్పండి అంటారు. పాపం, వాళ్ళ రిపోర్టులకు విజయాలే కావాలి. నేను ఈ తోకల కథ చెబుతాను. ఇది విజయం కింద రాసుకోవాలో, పొరపాటు కింద రాసుకోవాలో వాళ్ళకు తోచదు. నాకూ పూర్తిగా తోచలేదు.

మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. వికారాబాద్‌లో ఒక టెంట్‌హౌసు దుకాణం పైన రెండు గదులు. కింద పెళ్ళికుర్చీలు లారీకి ఎక్కిస్తుంటే, ఆ చప్పుడులో పైన మేము వానకు పండే పంటల గురించి మీటింగులు పెట్టుకునేవాళ్ళం. నేను బడికి పోయినదాన్ని కాదు. మా ఇంటి నేలంతా తాండూరు బండలు. మా అమ్మ వాటి మీద సుద్దముక్కతో అక్షరాలు రాసేది. నేను దిద్దాక తడిబట్టతో తుడిచి కొత్తవి రాసేది. ఇల్లు శుభ్రమయ్యేది, నాకు చదువొచ్చేది. ఉద్యోగానికి వెళ్ళినరోజు ఎక్కడిదాకా చదివావమ్మా అని అడిగితే, వంటింటి గడపదాకా సార్ అన్నాను. అడిగినాయన నవ్వి పనిచ్చాడు. ఆ నవ్వినాయనకు, ఆ బండలకు, మా అమ్మకు ఇప్పటికీ పొద్దున దీపం ముట్టించేటప్పుడు ఒక దండం చెల్లుతుంది.

మా పనల్లా ఖర్చు లేని పనులు చెప్పడం. వాలుకు అడ్డంగా దున్నండి, కంది ఏపుగా పెరుగుతుంటే తలలు తుంచండి, ఎండాకాలం గొర్రెల మందను చేనులో ఆపించండి, ఇట్లాంటివి. వినడానికి సులువే. కానీ మందు డబ్బా అమ్మడానికి వచ్చినవాడికి ఊళ్ళో కుర్చీ వేస్తారు, ఏమీ అమ్మనివాళ్ళను అనుమానంగా చూస్తారు. "ఏం అమ్మనోళ్ళు మా ఊరికెందుకొస్తున్నరు?" అని ఒకామె నా ముఖం మీదే అడిగింది. అంత సూటిగా అడిగే మనిషి ఊరికి కావాలని నాకు అప్పుడే అనిపించింది. తర్వాత మహిళా సంఘానికి ఆమే లీడరైంది. ఆమె నోటికి భయపడి బ్యాంకు మేనేజరు సైతం ముందు ఆమెకు నీళ్ళిప్పించి తర్వాత మాట్లాడేవాడు.

ఆ ఊరిది నల్లరేగడి. యాసంగి జొన్న, అంటే చలికాలపు పంట, అక్కడ వానతో పండదు. వాన వెళ్ళిపోయాక భూమి దాచుకున్న తడితో పండుతుంది. వానలు వెనక్కి తగ్గిన తర్వాత నేల కాలికి అంటుకోని, అట్లాగని గట్టిపడని ఒక స్థితికి వస్తుంది. దాన్నే పదును అంటారు. గింజ ఆ పదునులోనే పడాలి. కాస్త ఆలస్యమైతే పైతడి ఆరిపోతుంది. గింజ మట్టిలో ఊరికే పడుకుంటుంది, చేను అక్కడక్కడా బట్టతలలాగా మొలుస్తుంది. మళ్ళీ విత్తితే ఖర్చు, విత్తకపోతే నష్టం. మంచి రైతులు కూడా ఏడాది విడిచి ఏడాది ఆ బట్టతల చూసి తలలు పట్టుకునేవాళ్ళు.

దీనికి మా సార్ ఒక చిన్న ఉపాయం తెచ్చాడు. వ్యవసాయం చదువుకున్నవాడు, చల్లని మనిషి. చార్టు ముందు పెట్టుకోకపోతే అన్నం కూడా సయించదని వెనక నవ్వుకునేవాళ్ళం. ఉపాయం ఏమిటంటే, విత్తే ముందురోజు సాయంత్రం జొన్నలు నానబెట్టాలి. తెల్లారి నీళ్ళు వంపి, నీడలో పైతడి ఆరనిచ్చి, ఆ రోజే విత్తాలి. గింజ భూమిలోకి వెళ్ళాక తాగాల్సిన నీళ్ళు ఇంట్లోనే తాగి వెళుతుంది. అందుకని తొందరగా, అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఒక బకెట్ నీళ్ళు తప్ప ఖర్చు లేదు.

సార్ ఈ మాట ఊరి మీటింగులో చెప్పినప్పుడు ముందు వరుసలో గొర్రు తాత కూర్చుని ఉన్నాడు. గొర్రు అంటే ఎద్దులు లాగే చెక్క పరికరం. పైన గిన్నెలాంటి దాంట్లో గింజలు వేస్తూ నడిస్తే, గొట్టాల్లోంచి జారి సాళ్ళలో పడతాయి. గింజ ఎక్కువ తక్కువ కాకుండా గొర్రు నడపడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు ఆయనే సాటి. అసలు పేరు రేషన్‌కార్డులో ఉంటే ఉండవచ్చు, ఊరికి మాత్రం గొర్రు తాత. పదును వచ్చిందో లేదో ఆయన చేనులోకి దిగి, పిడికెడు మట్టి పిసికి, సరే అనేదాకా ఊళ్ళో అరక కదిలేది కాదు. మంద కాసుకునే ఇంట్లో పుట్టినా, గొర్రెలు అమ్మి ఎద్దులు కొన్న మనిషి.

సార్ చెప్పిందంతా తాత శ్రద్ధగా విన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "గింజకు తానం జేపిచ్చి పండవెట్టమంటవు. జోలపాట గూడ నువ్వే పాడుతవా సారూ?" అన్నాడు. ఊరంతా నవ్వింది. సార్ కూడా నవ్వాడు. తాత భార్య వెనక వరుసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపల లీడర్ లేచి, జోలపాట తను పాడుతానని, గింజలు నానబెట్టేవాళ్ళు చేతులెత్తాలని అంది. ఆడవాళ్ళు చాలామందే ఎత్తారు. తాత తల అడ్డంగా ఊపి బీడీ ముట్టించుకున్నాడు.

ఆ ఊరి తెల్లజొన్న దుకాణంలో దొరికేది కాదు. బూడిద, వేపాకు కలిపి కుండల్లో తరతరాలుగా దాచుకుంటూ వస్తున్న ఇంటి గింజ. అందుకే సగం నానబెట్టి సగం కుండలోనే ఉంచమని అందరికీ మరీ మరీ చెప్పాం. గురువారం మంచిరోజని విత్తడానికి ముహూర్తం పెట్టుకున్నారు. సార్ ఫోటోల కోసం ఒక బ్యానరు కూడా కొట్టించాడు.

తోకలొచ్చాయని డ్రైవరు చెప్పింది ఆ గురువారం పొద్దునే.

నా తోటి కార్యకర్త వచ్చాడు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చి ఎప్పుడూ టైరు మీద నెట్టేవాడు. ఆ రోజు టైరు నిజంగానే పంచరయిందట, అయినా నేను నమ్మలేదు. తాత పోయాడని చెబితే అతని ముఖం వాడిపోయింది. తాతకు దూరపు చుట్టం. తోకల సంగతి చెప్పినప్పుడు మాత్రం, "అయితే ఊరంత గుగ్గిళ్ళేనక్కా ఇయ్యాల" అన్నాడు. వెనకనుంచి వీపు మీద ఒకటి వేశాను.

ఊళ్ళోకి వెళ్ళేసరికి తాత ఇంటి ముందు జనం కూడి ఉన్నారు. ఐసుపెట్టె కోసం తాండూరుకు ఆటో పోయింది. ఒక్కగానొక్క కూతురు పూణెలో భవనాల పనికి పోయింది, రైలెక్కిందట, మరునాటి పొద్దునకు గానీ చేరదు. ఆమె వచ్చేదాకా శవాన్ని ఎత్తరు. శవం ఊళ్ళో ఉన్నంతసేపు ఎవరూ అరక కట్టరు. అది ఆ ఊరి కట్టుబాటు. రాసిపెట్టింది కాదు, ఎవరూ గుర్తుచేయనక్కర్లేనిది.

లీడర్ నన్ను చెయ్యిపట్టుకుని తన ఇంటి వెనక్కి తీసుకుపోయింది. గోనెసంచి మూట, మీద బరువుకు రోకలిబండ. మూట విప్పితే జొన్నలు వెచ్చగా ఉన్నాయి. ప్రతి గింజకూ తోకలాగా తెల్లటి మొలక ములుకు.

"మంచిగనే ఒచ్చినయి గద?" అంది, సగం గర్వంగా, సగం భయంగా.

మండె ఎవరు కట్టమన్నారని అడిగాను.

"నానవెట్టుమన్నది మీరే. నానవెట్టినంక మండె గట్టరా? కాగ్నా నది ఒడ్డు పొలాలకు నాట్లకు వొయ్యి ఎన్నిసార్లు గట్టినం. గది గూడ ఒకలు చెప్తరా మాకు?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వరి విత్తనాన్ని నానబెట్టి, గోనెలో బిగించి, బరువు పెట్టి మొలక తెప్పించడాన్ని మండె కట్టడం అంటారు. వరినాట్లకు కూలికి పోయి పోయి ఆ ఆడవాళ్ళ చేతులకు అది అలవాటు. నానబెట్టమనగానే మిగతాది తమకు తెలిసిందే కదా అనుకున్నారు. మూటకు టైము పడుతుందని, మేము చెప్పినదానికి ఒకరోజు ముందే మొదలుపెట్టారు కూడా. సార్ చార్టులో నీడలో ఆరబెట్టే బొమ్మ రంగుల్లో ఉంది. మండె కట్టవద్దన్న మాట లేదు. జొన్నకు మండె కడతారని ఎవరి ఊహకు అందుతుంది? ఒకామె మొలక ఇంకా బాగా రావాలని మూట మీద గొంగడి కూడా కప్పిందట.

నానిన గింజను ఆరబెట్టి దాచుకుంటే తర్వాత మామూలు విత్తనంలాగే పనికొస్తుంది. మొలకెత్తిన గింజ అట్లా కాదు. ఎండితే చచ్చిపోతుంది, తడిలో ఉంచితే తెల్లారేసరికి వేళ్ళు పెనవేసుకుని ముద్దయిపోతుంది. ఆ రోజు పొద్దుగుంకేలోపల మట్టిలో పడాలి, లేదా కోళ్ళకు వేయాలి.

సగం దాచారు కదా అని ధైర్యం కోసం అడిగాను. లీడర్ నేల చూసింది.

"నేను దాచలే. మా అత్తగారి చేతి ఇత్తు అది. మీ మాట మీద నమ్మకంతోని మొత్తం పోసిన. నన్ను జూసి వాళ్ళు గూడ పోసిండ్రు."

అప్పటిదాకా నాకు భయం ఒక్క ఏడు పంట గురించే. అప్పుడు అర్థమైంది, పోయేది ఆ ఊరి గింజే. వచ్చే ఏడాది విత్తుకోవడానికి కుండలో ఏమీ ఉండదు.

నా తోటి కార్యకర్త, తాత భార్యను అడుగుదాం అన్నాడు. ఆమె సరేనంటే పెద్దమనుషులు కాదనలేరని అతని లెక్క. లీడర్ గట్టిగా తల అడ్డంగా ఊపింది. "పీనుగు మీద పేలాలేరినట్టుంటది. కోళ్ళకన్న ఏస్త గని నేనడగ. నువ్వు గూడ అడగొద్దక్కా."

అడగనన్నాను. ఇంటికి మాత్రం వెళ్ళాలి కదా అని వెళ్ళాను. గడప దాటుతూ అనంతగిరి స్వామిని ఒక్కటే కోరుకున్నాను: ఈ ఇంట్లో పలకకూడని మాట నా నోట రాకుండా చూడు తండ్రీ అని.

తాతను బండల మీద పడుకోబెట్టారు. ఆమె తలదగ్గర కూర్చుని ఉంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఏడ్వడం లేదు; ఆయన మీసం మీద వాలబోతున్న ఈగను కొంగుతో తోలుతోంది. వాకిట్లో ఆడవాళ్ళ గుసగుసలు లోపలికి వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె నా వైపు తిరిగింది.

"చెల్లె, అందరు బయట ఒక్కతీర్గ గుసగుస వెడుతున్నరు. ఇత్తుల ముచ్చటేనా?"

అబద్ధం చెప్పలేకపోయాను. అవునన్నాను. ఆమె వంటింటి మూలకు చూపించింది. "ఆ గాబు పక్కన చూడు."

వెళ్ళి చూశాను. నీళ్ళ గాబు పక్కన చిన్న గోనెమూట, మీద విసుర్రాయి పైబిళ్ళ.

"ఆయనకు తెల్వకుంట గట్టిన. తెలిస్తె నవ్వుతడు గద. ఇయ్యాల చేన్ల పడ్డంక చెప్దామనుకున్న" అంది. మూట తెమ్మంది. తానే ముడి విప్పి గుప్పెడు గింజలు తీసి చూసింది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడ్చారు. ఆమె ఏడ్వలేదు. గుప్పెడు అట్లాగే పట్టుకుని లేచి వాకిలి దాకా వచ్చి, ఇయ్యాలనే ఇత్తుకోండ్రి అంది.

అరుగు మీద పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో మాట చెల్లేది పాత సర్పంచ్‌ది. ఆమె విత్తుకోమందని విని ఆయన సర్దుకుని కూర్చున్నాడు. దుఃఖంలో ఉన్న మనిషితో వాదించడం ఆయనకూ ఇష్టం లేదు.

"శవం ఇంట్లుండంగ అరక గడ్తె మంచిది గాదు చెల్లె. నిన్న మొన్నటి కట్టుబాటు గాదు" అన్నాడు మెల్లగా.

"కట్టుబాటు ఆయన మర్యాదకే గద అన్నా. ఆయన పెండ్లాన్ని, నేను చెప్తున్న." ఆమె గుప్పెడు విప్పి చూపించింది. "ఆయన బతుకంత మన ఊరి పదును జూసిండు. ఒక్కల పదును తప్పనియ్యలే. ఇయ్యాల ఆయన పేరు జెప్పి ఊరందరిది తప్పిస్తరా?"

పాత సర్పంచ్ భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు. ఎద్దుల మెడలో గంటలు విప్పండి అన్నాడు.

అంతే. ఊరు కదిలింది. గంటలు కట్టగూడదు, కొబ్బరికాయ కొట్టగూడదు, ఎద్దులను అదిలించగూడదు, శ్మశానం వైపు చేలల్లో ఆఖరున దిగాలి, ట్రాక్టరు వద్దే వద్దు. పెద్దమనుషులు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయారు. చివరగా, మైల ఇల్లు గనక తాత చేనులో మాత్రం విత్తనం పడగూడదన్నారు. ఆ మాట ఆమె ముందు అనడానికి పాత సర్పంచ్‌కు నోరు రాలేదు, వేరేవాళ్ళతో అనిపించాడు. ఆమెకది ముందే తెలుసు. మూట లీడర్ చేతిలో పెట్టి, "మీ గింజలల్ల కలుపుకోండ్రి. ఎవలి చేన్ల పడ్డా మొలుస్తది" అని, లోపలికి వెళ్ళి ఆయన తలదగ్గర కూర్చుంది.

మొలకెత్తిన గింజ గొర్రులో వేస్తే గొట్టాల్లో ములుకులు విరిగిపోతాయి. చేత్తోనే పోయాలి. ముందు నాగలి సాలు వేస్తుంటే, వెనక ఆడవాళ్ళు వంగి గింజ వదులుకుంటూ పోవాలి. మామూలు రోజున అంతమంది కూలీలు ఎక్కడ దొరుకుతారు? ఆ రోజు ఊళ్ళో ఎవరికీ వేరే పని లేదు. అందరూ ఖాళీగా ఉన్నది తాత కోసమే గనక, అందరినీ చేలకు పంపింది కూడా తాతేనని నేను అనుకుంటాను.

అప్పటికి సార్ వచ్చాడు. ఇస్త్రీ తెల్లచొక్కా, చంకలో బ్యానరు చుట్ట. సంగతంతా చెప్పాను. ఆయన చెప్పులు చేను గెట్టు మీద విడిచి, ప్యాంటు మడిచాడు. మొలకలు ఎండ తగలకుండా పలుచగా పరచడానికి మంచి గుడ్డ కావాల్సివస్తే, తానే బ్యానరు విప్పి, అక్షరాలు కిందికి వచ్చేటట్టు చింతచెట్టు నీడన పరిచాడు. అంత ఉపయోగపడిన బ్యానరును నా ఉద్యోగంలో ఇంకొకటి చూడలేదు.

ఇంక ఆ మౌనం సంగతి చెప్పాలి. ఊరంతా చేలల్లో ఉంది, కూతవేటు దూరందాకా మనుషులు, ఒక్క అరుపు లేదు. గంట చప్పుడు లేక ఎద్దులు తికమకపడి, రెండడుగులు వేసి నిలబడి వెనక్కి చూసేవి. అరక పట్టినవాళ్ళకు అలవాటుగా నోటిదాకా వచ్చే అదిలింపును చేత్తో ఆపుకోవాల్సివచ్చింది. సార్ గింజలు గుప్పెడు గుప్పెడు పోస్తుంటే లీడర్‌కు ప్రాణం విలవిల్లాడింది. తిట్టడానికి వీల్లేదు గనక ఎదురుగా నిలబడి, గింజకూ గింజకూ ఎంత దూరం ఉండాలో వేళ్ళతో చూపించి, రెండు చేతులూ జోడించింది. ఆమె ఎవరికైనా చేతులు జోడించడం ఊరు అదే మొదటిసారి చూసింది. ఇంతలో సార్ జేబులో ఫోను పెళ్ళి ఊరేగింపు పాట ఎత్తుకుంది. ఆయన అంతకంతకూ తప్పు మీటలే నొక్కాడు. నా తోటి కార్యకర్త కొంగుల చాటున నవ్వుతున్న ఆడవాళ్ళను చూసి తానూ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ ఒకే దారిలో వచ్చాయి. తాత వింటే ఇదేనా మీ జోలపాట అనేవాడు.

ఎండ పసుపురంగుకు తిరిగేసరికి శ్మశానం వైపు చేను కూడా అయిపోయింది. బ్యానరు మీద ఒక్క గింజ మిగలలేదు. అందరూ కాళ్ళు కడుక్కుని తాత ఇంటికి వెళ్ళి, వాకిట్లో కూర్చున్నారు. ఆమె అందరి కాళ్ళకూ ఇంకా అంటుకుని ఉన్న రేగడి మట్టిని చూసి తల ఊపింది.

మరునాడు కూతురు వచ్చింది, తాతను సాగనంపాం. ఊళ్ళోవాళ్ళు అప్పటిదాకా దాచుకున్న ఏడుపంతా ఆ రోజు ఏడ్చారు.

జొన్న మొలిచింది. చెదురుమదురుగా కాదు, సాలు తప్పకుండా, అన్నీ ఒకే ఎత్తున. నేను చేల గెట్ల మీద నడుస్తూ లోపల ఎంతమందికి దండాలు పెట్టుకున్నానో నాకే తెలియదు. ఆ పచ్చదనం మధ్యలో తాత చేను మాత్రం నల్లగా మిగిలింది. మైల తీరేసరికి పైతడి ఎప్పుడో ఆరిపోయింది, ఇంటి గింజ అందరి చేలల్లోకీ పోయింది. ఏదో ఒకటి వేద్దామని, మనుషులను పంపుతానని లీడర్ ఎంత చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. నేను వెళ్ళి కదిపితే, "ఉండనియ్యి చెల్లె. ఇంట్ల మనిషి పోయె. భూమి గూడ ఒక్క ఏడు మైలవట్టిందనుకో" అంది.

కోతలయ్యాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలకొక గంపతో కంకులు తెచ్చి ఆమె వాకిట్లో పోశారు. ఇంత ఎందుకే, నేనొక్కదాన్ని తింటే ఎన్ని రొట్టెలు తింటాను అని ఆమె మొత్తుకుంది. లీడర్ మాత్రం మంచి కంకులు ఏరి, విత్తనానికని కుండలో పోసి, బూడిద తానే కలిపి, మూతకు మట్టి మెత్తి మరీ వెళ్ళింది. తర్వాతి యాసంగిలో ఆమె చేను కూడా మొలిచింది.

మండె కట్టకుండా నానబెట్టడం ఆ ఊరికి అలవాటైంది. పక్క ఊళ్ళకూ పోయింది. కన్నడం మాట్లాడే ఊళ్ళలో మా లీడరే వెళ్ళి, రాని కన్నడంలో గట్టిగా చెప్పి వచ్చింది. నీళ్ళలో ఒక్క రాత్రి, నీడలో కాసేపు, అంతకుమించి గింజను ముద్దు చేయకండి అనేది. సార్ తన చార్టు అడుగున ఎర్రరంగుతో ఒక వాక్యం చేర్చాడు: జొన్నకు మండె కట్టరాదు. సగం దాచుకోమన్న మాటను కూడా ఇంకా పెద్ద అక్షరాల్లో రాయించాడు. మళ్ళీ విత్తే అవసరం తగ్గి, చేనులో బట్టతల పోయి, కంకి కాస్త ముందుగా రావడం వల్ల పిట్టల కాపలా తగ్గి, ఆ ఊరి ఇళ్ళకు మేలే జరిగింది. నేను లెక్కలు చెప్పను, లెక్కలు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు.

నేను పని చాలించిన రోజున శాలువా కప్పి, చాలా మంచిమాటలు చెప్పారు. అందరికీ కృతజ్ఞురాలిని. ఈ పద్ధతి గురించి మీకు కాగితాల్లో దొరుకుతుంది, ఫోన్లలో వీడియోలు కూడా ఉన్నాయి. గింజ ఎంతసేపు నానాలి, ఎంతసేపు ఆరాలి, అన్నీ ఉంటాయి. ఒకరి దుఃఖం రోజున ఊరు ఎట్లా విత్తిందో వాటిలో ఉండదు. తన పేరు రాయవద్దని తాత భార్యే నాతో అంది, అందుకే రాయలేదు. మీలో ఎవరైనా ఏ పల్లెలోనైనా ఆడవాళ్ళ మధ్య కూర్చుని జొన్నలు నీళ్ళలో పోయిస్తుంటే, భర్త తలదగ్గరి నుంచి లేచి వాకిలి దాకా వచ్చి, తన చేనుకు రాని పదును ఊరికి ఇప్పించిన ఆ మనిషిని ఒక్క నిమిషం తలుచుకోండి.